ఎర్తుకు పోసిన నీళ్లు

మా ఎదురింటాయన కడపలో ఒక బ్యాంకు కంప్యూటర్లను చూసుకునే ఉద్యోగంలో ఉన్నాడు. నల్లటి తెర ముందు కూర్చుని చిన్న చిన్న మాటలు టైపు కొడతాడు, అవతలి యంత్రం జవాబు చెబుతుంది. దాన్ని యూనిక్స్ అంటారట. ఒక ఆదివారం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఎక్కడో కర్నూలులో ఉన్న యంత్రాన్ని ఇక్కణ్ణుంచే పలకరించి చూపించబోయాడు. అది పలకలేదు. ఆయన కంగారు పడలేదు. ముందు తన యంత్రం తనకే పలుకుతుందా అని చూసుకున్నాడు. తర్వాత పక్కదాన్ని పిలిచాడు. ఆ తర్వాత దారిలో ఉన్నవాటిని ఒక్కొక్కటిగా పిలుచుకుంటూ పోయాడు. నాకు నవ్వొచ్చింది. "ఇదే కదయ్యా మేమూ చేసింది" అన్నాను. ముసలాయనకు మతి పోయిందేమోనన్నట్టు నా వైపు చూశాడు. ఆ చూపుకు నాకు ఒళ్లు మండింది. అందుకే ఇది రాస్తున్నాను.

పంతొమ్మిదివందల యాభైల్లో నేను తంతి పని, అంటే టెలిగ్రాములు కొట్టే పని చేశాను. కంటికి కనపడని చోట ఉన్న యంత్రాన్ని పలకరించడం, అది పలకకపోతే ఎందుకు పలకలేదో కూర్చున్న చోటి నుంచే కనిపెట్టడం నా బతుకుతెరువు. మాకు తెర లేదు, ఇత్తడి మీట ఉండేది. దాని మీద వేలితో కొడితే చుక్కలూ గీతలూ తీగ వెంట పోయేవి. ప్రతి ఆఫీసుకూ రెండక్షరాల పిలుపు ఉంటుంది. అది కొట్టి ఊరుకుంటే, "ఉన్నాను, చెప్పు" అని తిరుగు జవాబు టకటకమంటూ వస్తుంది. రాలేదంటే అక్కణ్ణుంచి మన తిప్పలు మొదలు.

నాకు కోపం ఎక్కువని ఇంట్లో, ఆఫీసులో, అత్తగారింట్లో అందరూ ఒప్పుకున్న సంగతే. నాకు పని నేర్పినాయన నాకంటే ముంగోపి. తీగ చచ్చిపోగానే "అవతలివాడు నిద్రపోతున్నట్టున్నాడండీ" అన్నానంటే రూళ్లకర్రతో బల్ల మీద ఒక్కటేసేవాడు. "ఆడలేక మద్దెల ఓడన్నది నీలాంటోడే. ముందు నీ బల్ల చూసుకో" అనేవాడు. బల్ల అంటే మీట, స్క్రూలు, బ్యాటరీ జాడీలు. బల్ల బాగుంటే అప్పుడు గోడ, అంటే లోపలికొచ్చే తీగలు. అవీ బాగుంటే అప్పుడు ఊరి మీద పడాలి. ఒకేసారి రెండు మార్చొద్దనేవాడు. రెండు మార్చాక బాగైతే జబ్బు ఏదో నీకు తెలియలేదన్నమాట, రేపు మళ్లీ అదే వస్తుంది. ఇక ఏమీ తోచనప్పుడు అడగవలసిన ప్రశ్న ఒకటే: బాగున్న రోజుకూ ఈ రోజుకూ నడుమ ఏం మారింది? అడగడం సులభమే. జవాబు మనకు ఇష్టం లేనిదైతే మాత్రం మనసు ఆ ప్రశ్న దరిదాపులకు పోదు. ఆ సంగతి ఆయన చెప్పలేదు. నాకు నేనే తెలుసుకున్నాను.

నేను చెప్పే ఆఫీసు బేతంచెర్లకు బండి దూరంలో, నాపరాతి గనుల మధ్య ఒక పల్లెలో ఉండేది. తీగ బేతంచెర్ల నుంచి వచ్చి మా దగ్గర ఆగిపోతుంది. పోస్టుమాస్టరూ నేనే, తంతి కొట్టేదీ నేనే. నాతోబాటు ఒక లైన్‌మన్ ఉండేవాడు. ఆయన సాయిబు, సైకిలు మీద స్తంభాల వెంట తిరిగి తీగ బాగోగులు చూసేవాడు. నేను ఆయన్ని భాయ్ అనేవాణ్ణి, ఆయన నన్ను సార్ అనేవాడు. నేను కేకలేసినప్పుడల్లా బీడీ ముట్టించుకుని ఆకాశం వైపు చూసేవాడు. నా కోపానికి అదే మందని ఆయనకు తెలుసు.

తీగ ఒకటే కదా, పోయిన కరెంటు తిరిగొచ్చేదెట్లా అని ఎవరికైనా అనుమానం వస్తుంది. తిరిగొచ్చే దారి భూమే. ఆఫీసు వాకిట్లో గుంత తవ్వి, బొగ్గూ ఉప్పూ పోసి, అందులో ఇనుప పలక పాతి, దాని నుంచి ఒక తీగను లోపలి బల్ల దాకా తెస్తారు. దాన్నే మేము ఎర్తు అనేవాళ్లం. మట్టిలో తడి ఉన్నంత కాలమే అది పనిచేస్తుంది. కోస్తా ఆఫీసుల వాళ్లకు ఆ సంగతి గుర్తుండాల్సిన పనే లేదు. మాకు మాత్రం ఎండాకాలమంతా రోజూ దానికి ఒక కడవ నీళ్లు పోయాల్సిందే. అందులోనూ ఆ పల్లెలో జానెడు తవ్వితే రాయి తగులుతుంది. వాకిట్లో ఆ ఒక్కచోటే లోతైన మన్ను దొరికిందని అక్కడ పాతారు.

ఎండాకాలం బావి అడుగంటేది. ఆడవాళ్లు వంతులు పెట్టుకుని చేదుకునేవాళ్లు. అట్లాంటి చోట ఇనుప పలకకు మంచినీళ్లు పోస్తానంటే ఎవరు ఊరుకుంటారు? అందుకని మా ఆవిడ బియ్యం కడిగిన నీళ్లూ, పప్పు కడిగిన నీళ్లూ, చేతులు కడిగిన నీళ్లూ ఒక కడవలో పోగుచేసేది. "కట్టుకున్నదానికి ఒంటికి పోసుకోను లేవు గానీ, మీ ఎర్తుకు మాత్రం రోజూ తలంటు" అని దెప్పేది.

ఆఫీసుకు ఎదురు వరసలో బండల మేస్త్రి ఇల్లు. చేతి కింద మనుషుల్ని పెట్టుకుని గనిలో పనిచేసేవాడు. భార్యా, ఇద్దరు కొడుకులూ. నేను అక్కడికి వచ్చిన కొత్తల్లోనే పెద్దకొడుకు మీద గనిలో బండ విరిగిపడింది. లారీలో వేసుకుని కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. "ఏ సంగతీ తంతి కొట్టిస్తాం, నువ్వు ఈడనే ఉండు" అని మేస్త్రిని ఆపేసి పోయారు. ఆ రోజంతా ఆయన మా వాకిట్లో కాలే దుమ్ములో, నెత్తిన తువ్వాలేసుకుని నిలబడ్డాడు. తీగ బాగానే ఉంది, కబురే రాలేదు. లోపలికొచ్చి కూర్చోమంటే కూర్చోలేదు. మర్నాడు తట్టుకోలేక పిలుపు లేకుండానే కర్నూలు పోయాడు. ఆయన వార్డులో అడుగు పెట్టాడు, కొడుకు కండ్లు తెరిచి చూశాడు, అంతే. తండ్రి కోసం ప్రాణం ఉగ్గబట్టుకున్నాడని ఊరంతా అంది. మేస్త్రి మనసులో మాత్రం ఇంకోలా నాటుకుంది. తాను పిలవకుండా పోయినందుకే కొడుకు పోయాడని. ఎంతమంది చెప్పినా ఆ మాట ఆయనలోంచి పోలేదు.

చనిపోయినవాళ్ల పేరిట నలుగురూ కూర్చునే చోట బండ వేయించడం ఆ పక్క ఆనవాయితీ. కర్మ అయిపోయాక, ఎండాకాలం వెళ్లిపోతుండగా, మేస్త్రి నా దగ్గరికొచ్చాడు. "మా వోని కబురు కోసం ఈ దుమ్ములోనే నిలబడినా సామీ. ఇంకొకరు అట్ల నిలబడకూడదు. వాకిలంతా బండలు పరుస్తా, కాదనొద్దు" అన్నాడు. కాదనడానికి నాకు నోరెట్లా వస్తుంది? ఎర్తు ఉన్నచోట నీళ్లు పోయడానికి బొక్క విడిచిపెట్టమని మాత్రం చెప్పాను. సరేనన్నాడు. కింద సున్నపు గచ్చు పోసి దిమ్మిస కొట్టి, పైన నున్నగా నాపబండలు పరిచాడు. సరిగ్గా ఎర్తు మీద వచ్చిన బండ అన్నిటికంటే పెద్దది. దాని మీద కొడుకు పేరు చెక్కించి, పేరు కింద రూపాయి బిళ్లంత బొక్క పెట్టించాడు. పనితనం చూసి మా లైన్‌మన్ "ఇది ఆఫీసు కాదు సార్, దర్బారు" అన్నాడు.

మర్నాటి నుంచి ఒక కొత్త వాడుక మొదలైంది. పొద్దున నేను కడవతో బయటికొచ్చేసరికి మేస్త్రి భార్య చెంబుతో నిలబడి ఉండేది. "మా వోనికి నేను పోసుకుంటా సామీ" అని ఆ బొక్కలో నీళ్లు వంచేది. చెంబు ఖాళీ అయ్యేదాకా ఆ పేరు వైపే చూసేది. ఆమె పోయాకే నా కడవ పోసేవాణ్ణి. వానలు కురిసిన రోజున కూడా ఆమె చెంబు మానలేదు. పొద్దున్నే మా ఇంటికి మజ్జిగ కూడా ఆమే తెచ్చేది. మా ఆవిడకూ ఆమెకూ అట్లా స్నేహం కుదిరింది.

మరుసటి ఎండాకాలం ఆమెకు కడుపులో గడ్డ లేచింది. నొప్పికి వంగిపోయి నడిచేది. చిన్నకొడుకు కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. పోయేటప్పుడు మేస్త్రి కొడుకుతో నా ఎదుటే చెప్పాడు: "నువ్వు తంతి కొడితేనే వస్తా. కొట్టకపోతే బాగుండాదనుకుంటా." నేను ఉండబట్టలేక, "ఏం మనిషివప్పా, పెండ్లాం ఆసుపత్రిలో ఉంటే పిలుపు కావాల్నా? పో" అని అరిచాను. ఆయన నా కోపాన్ని పట్టించుకోలేదు. "పోయిన తూరి పిలవకుండా పోయినా సామీ. ఏమాయనో మీకు తెలుసు గదా" అన్నాడు. అప్పట్నుంచి పని మానుకుని రోజూ వచ్చి, వాకిట్లో ఆ పెద్దబండ పక్కన కూర్చునేవాడు. భార్య చెంబు ఇప్పుడు ఆయన చేతిలో ఉండేది.

అప్పుడే తీగకు జబ్బు పట్టుకుంది. పొద్దున చల్లగా ఉన్నంతసేపు ఓ మాదిరిగా పలికేది, ఎండెక్కేకొద్దీ గొంతు తగ్గిపోయేది. ఒకరోజు మధ్యాహ్నానికి పూర్తిగా చచ్చింది. సాయంత్రం లేస్తుందేమోనని చూశాను, లేవలేదు. మర్నాడు పొద్దున కూడా పలకలేదు. బేతంచెర్లలో ఆగిపోయిన కబుర్లు టపా సంచితో రావాలి. ఆ సంచి పొద్దు వాలాక గానీ రాదు, అప్పటికి కర్నూలు వైపు పోయే రైలు దాటిపోతుంది. మేస్త్రి కిటికీ దగ్గరికొచ్చి, "ఏమన్నా వచ్చిందా సామీ" అన్నాడు. "తీగ పలకడం లేదప్పా. వచ్చిందో రాలేదో నాకూ తెలీదు" అన్నాను. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. కబురు రాకపోవడం ఒకటి, వచ్చిందో లేదో తెలియకపోవడం ఇంకొకటి. కొడుకు తంతి కొట్టకపోతే అంతా బాగున్నట్టని గదా ఆయన పెట్టుకున్న లెక్క. తీగే చచ్చిపోతే ఆ లెక్కకు విలువేముంది?

బల్ల చూసుకున్నాను. మీట తుడిచాను, స్క్రూలు బిగించాను. జాడీల్లో నీళ్ల మట్టం సరిగ్గానే ఉంది. తీగను విప్పి నా బల్లను నాకే చుట్టి కొట్టుకుంటే చక్కగా టకటకమంది. అంటే బల్ల మంచిదే. గోడ చూసుకున్నాను, అదీ మంచిదే. ఇక ఊరి మీద పడాలి. లైన్‌మన్‌ను పిలిచి, "ఎక్కడో తెగిందో, ఏ గాలిపటం చిక్కుకుందో చూసి రా భాయ్" అన్నాను. ఆయన నిచ్చెన భుజానేసుకుని బేతంచెర్ల దారిన పోయాడు.

ఆయన పోయాక నాకు మనసు నిలవలేదు. తీగ తెగితే ఒక్కసారే తెగుతుంది. ఇది నెమ్మదిగా నీరసించి పోయింది. ఎండతోబాటు నీరసించింది. అది ఎర్తు లక్షణం. కానీ ఎర్తుకు రోజూ నీళ్లు పోస్తూనే ఉన్నాం కదా, ఒక కడవ నేను, ఒక చెంబు వాళ్లు. పోయిన ఎండాకాలం ఇంతకంటే పెద్ద ఎండలు కాశాయి, నీళ్లు ఇంతే పోశాను, తీగ ఒక్కరోజు ఆగలేదు. పోయిన ఎండాకాలానికీ దీనికీ నడుమ ఏం మారింది? ఆ ప్రశ్న దగ్గర నేను ఆగిపోయాను. కిటికీలోంచి చూస్తే మేస్త్రి ఆ బండ మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

బయటికొచ్చి గోడ వెంట నడిచాను. వాకిలి వాలు ఎటుందో చూసుకుంటూ ప్రహరీ మూల దాకా పోయాను. ఆ మూల గోడ మొదట్లో గరిక పచ్చగా మొలిచి ఉంది. ఊళ్లో మేకలు తినడానికి ఆకు లేని రోజులవి. అక్కడ ఎవరూ నీళ్లు పోయరు. వేలితో గీరితే మన్ను తడిగా ఉంది. నేను పోసిన కడవా, ఆ తల్లి పోసిన చెంబూ బొక్కలోంచి దిగి, కింద గచ్చు మీదుగా జారి, వాలు వెంట వచ్చి ఈ మూలన చేరుతున్నాయి. ఎర్తుకు ఒక్క చుక్క అందలేదు. లైన్‌మన్‌ను ఊరి మీద తోలాను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే అదే.

అయినా అనుమానం మీద మేస్త్రి కొడుకు బండను ముట్టుకోలేను. లోపల్నుంచి ఒక ఇనుప కడ్డీ తెచ్చి ఆ తడి మన్నులో దిగ్గొట్టాను. జానెడు దిగగానే రాయి తగిలింది. దానికి తీగ చుట్టి బల్ల దాకా లాక్కుపోయాను. పాత ఎర్తును విప్పేసి దీన్ని తగిలించాను. టకటక వినపడలేదు గానీ, కరెంటు చూపించే సూది వణికింది. మళ్లీ వణికింది. దాన్నే చూశాను. రెండక్షరాలు, మా పిలుపు. బేతంచెర్లవాడు మమ్మల్ని పిలుస్తున్నాడు. ఆ వెనకనే, మీకు కబురుంది అని చెప్పే గుర్తు. అంతకు మించి చదవడానికి సూదికి బలం లేదు. నేను కొట్టిన జవాబు వాడికి అందలేదు, పిలిచిందే పిలుస్తున్నాడు.

కబురు ఉందని తెలిసింది, ఏమిటో తెలియలేదు. నాకు అంత భయం ముందూ లేదు, తర్వాతా లేదు.

బయటికి పోయి ఆయన పక్కన కూర్చున్నాను. "మేస్త్రీ, బేతంచెర్లలో కబురొకటి ఉండాది. అది నీదో ఇంకొకరిదో తెలీదు. అది రావాలంటే ఈ బండ తీయాల" అన్నాను. ఎందుకో చెప్పాను. మూలన గరిక చూపించాను. ఆయన లేచి వెళ్లి ఆ గరికను చాలాసేపు చూశాడు. తిరిగొచ్చి నిలబడ్డాడు.

"అంటే నా పెండ్లాం కబురుకు నా కొడుకే అడ్డం పండుకున్యాడా సామీ?"

"కొడుకు కాదప్పా. బండ."

"బండ మింద వాని పేరుండాది గదా."

ఆయన ఇంటికి పోయి గడ్డపార తెచ్చాడు. పట్టుకోబోయాను. "వద్దు సామీ. ఏసింది నేనే, తీసేదీ నేనే. ఇంకొకరి చెయ్యి పడొద్దు" అన్నాడు. విరగకుండా తీయాలని చుట్టూ సందుల్లో గచ్చు గీరి, ఒక పక్క నుంచి మెల్లగా లేపాడు. నాపరాయి ఎప్పుడు ఎట్లా చీలుతుందో పుట్టించినవాడికే తెలియాలి. సగం లేచాక సరిగ్గా పేరు నడిమికి పగిలింది. ఆయన గడ్డపార పక్కన పెట్టాడు. తర్వాత రెండు ముక్కలనూ ఒకదాని తర్వాత ఒకటి ఎత్తుకుపోయి, పేరు కనపడకుండా గోడ వైపు తిప్పి ఆనించాడు.

కింద గచ్చు జారి, దానిలో విడిచిన బొక్కను మూసేసి ఉంది. పగలగొట్టి చూస్తే ఆ కింద మన్ను పిండిలా ఉంది, పిడికిట పట్టుకుంటే వేళ్ల సందుల్లోంచి రాలిపోయింది. మేస్త్రి ఇంట్లో ఉన్న మంచినీళ్ల కడవలు రెండూ తెచ్చి పోశాడు. మా ఆవిడ తన కడవ తెచ్చి పోసింది. విషయం తెలిసి పక్కింటివాళ్లు తెచ్చారు. ఆ కరువులో ఎవరూ ఒక్క మాట అనలేదు. భూమి బుసబుసమంటూ తాగింది. నేను లోపలికి పోయి పాత ఎర్తును మళ్లీ తగిలించి కూర్చున్నాను.

కాసేపటికి టక్ మంది. తర్వాత గట్టిగా, స్పష్టంగా మా పిలుపు. జవాబు కొట్టాను. కబురు మేస్త్రిదే. ముందు రోజు సాయంత్రం కర్నూలులో చిన్నకొడుకు ఇచ్చింది. రేపు పొద్దున ఆపరేషన్, అమ్మ నిన్ను చూడాలంటోంది, వెంటనే రా.

బయటికొచ్చి తెలుగులో చదివి చెప్పాను. "రేపంటే ఈ దినమే గదా సామీ" అన్నాడు. అవునన్నాను. అప్పటికి పొద్దు నడినెత్తి దాటి చాలాసేపయింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అది నేను కళ్లారా చూశాను. బండల లారీ ఒకటి బేతంచెర్ల పోతుంటే ఆపి ఎక్కించాను. ఆయన చేతులకు సున్నం అట్లాగే ఉంది. సాయంత్రం లైన్‌మన్ తిరిగొచ్చి, "తీగ యాడా తెగలేదు సార్" అన్నాడు. వాకిట్లో గుంత చూసి, గోడకు ఆనించిన ముక్కలు చూసి, సైకిలు దిగకుండానే నిలబడిపోయాడు. బీడీ కూడా ముట్టించలేదు.

కొన్నాళ్లకు మేస్త్రి ఒక్కడే తిరిగొచ్చాడు. భార్య బతికింది. గడ్డ తీసేశారట, ఇంకా కొంతకాలం అక్కడే ఉండాలట. నాకు ఏడుపొచ్చినంత పనైంది. "మరి ముఖం అట్ల పెట్టినావేమప్పా" అన్నాను.

"దాన్ని లోపలికి తీసుకపోతాంటే వాకిలి తట్టే చూస్తా పోయిందంట సామీ. మీ నాయన యాడ, మీ నాయన యాడ అంటానే ఉన్యాదంట. నేను పోయినాక, యాలా రాలేదని అడిగింది. వైరు తెగిందని చెప్పినా. నమ్మింది." తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. "బాగయినాక ఇంటికొస్తాది. చెంబు తీసుకుని ఈడికొస్తాది. బండ ఉండదు. ఏం చెప్పల్ల? ఏడాది పొడుగూ అది కొడుక్కని పోసిన నీళ్లు గోడ కాడికి పోయినాయని చెప్పల్లనా? కొడుకు బండే నన్ను ఆపిందని చెప్పల్లనా? అంత కోతకే సావని మనిషి ఆ మాట ఇంటే సస్తాది సామీ."

నేను ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే ఆ మాట నా నోట వచ్చేది కాదేమో. "నేను పీకించినానని చెప్పు" అన్నాను. "గవర్నమెంటు వాకిట్లో సొంత పేర్లు ఉండకూడదని పోస్టుమాస్టరు పీకించినాడు, అడ్డమొస్తే అరిచినాడు, పీకేటప్పుడు పగిలింది అని చెప్పు. నా కోపం ఊరందరికీ తెలుసు. నమ్ముతుంది." నీళ్లు తెచ్చి పోసినవాళ్ల గడప గడపకూ మేస్త్రే వెళ్లి, ఆమెకు నిజం చెప్పకూడదని మాట తీసుకున్నాడు. వాళ్లలో ఒక్కరూ మాట తప్పలేదు.

ఆమె వచ్చిన మర్నాడు పొద్దున చెంబుతో వాకిట్లోకి వచ్చింది. చిక్కి సగమైంది. గుంత చూసింది, గోడ పక్కన ముక్కలు చూసింది. అప్పటికే భర్త చెప్పి ఉంటాడు. అంతకుముందు ఎప్పుడూ సామీ అని తప్ప పిలవని మనిషి, "నీకు బిడ్డలు లేరా?" అంది. గొంతు పెంచలేదు. "నీ వాకిట్లో వాడేమి తింటాన్యాడని పీకించినావు? దినానికొక చెంబు నీళ్లు తాగుతాండె, అంతే గదా." చెంబులో నీళ్లు నా గడప ముందు కుమ్మరించి వెళ్లిపోయింది.

అంత మాట ఇంకెవరన్నా అని ఉంటే నేను ఊరుకునేవాణ్ణి కాదు. లోపలికి పోయి మీట ముందు కూర్చున్నాను. లైన్‌మన్ గుమ్మంలో నిలబడి, "నేను చెప్తా సార్, ఇది అన్యాయం" అన్నాడు. "నోరు మూసుకో భాయ్" అన్నాను. ఆయన మీద అన్నిసార్లు అరిచాను గానీ, ఆ రోజు అరిచినట్టు ఎప్పుడూ అరవలేదు. ఆయన వెళ్లి ఎర్తు గుంతలో కడవ నీళ్లు పోసొచ్చాడు. ఇక ఆ పని ఆయనదే అయింది. నాకు ఆ చోటికి పోబుద్ధయ్యేది కాదు.

మా ఇంటికి మజ్జిగ ఆగిపోయింది. బావి దగ్గర ఆమె మా ఆవిడతో మాట్లాడటం మానేసింది. మా ఆవిడ దానికి శానా బాధపడింది. అసలు సంగతి తెలిసీ చెప్పలేక, "మీకేం, మీరు మగవాళ్లు, గది తలుపేసుకుని కూర్చుంటారు. నీళ్ల కాడ నిలబడేది నేను" అని ఏడ్చేది. మేస్త్రి ఇంట్లో ఇంకో బండ మీద పేరు చెక్కిస్తానన్నాడట. "వాని కబురు కోసం నిలబడిన చోట వేసిన బండే వానిది" అని ఆమె ఒప్పుకోలేదట. మేస్త్రి నాకు ఎదురైతే చేతులు జోడించబోయి, ఎవరైనా చూస్తారేమోనని దించేసుకునేవాడు. అది చూడలేక నేను పక్క సందులోకి తిరిగిపోయేవాణ్ణి.

కొన్నేళ్లకు నాకు వేంపల్లెకు బదిలీ అయింది. వెళ్లే రోజు వీధివాళ్లు చాలామంది బండి దగ్గరికొచ్చారు. మేస్త్రి రాలేదు, వస్తే నిజం బయటపడుతుందని ఇద్దరికీ తెలుసు. సామాను ఎక్కించుకుని బండి కదిలింది. మేస్త్రి ఇంటి ముందుకు వచ్చేసరికి ఆమె గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. తలెత్తి నన్ను చూసింది. చేట పట్టుకుని లేచి లోపలికి పోయి, నా ముఖాన ధడాలున తలుపేసింది.

మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం గుండె మీద నుంచి బరువు దిగినట్టయింది. ఇన్నేళ్లకు కూడా ఆమె ఆ అబద్ధాన్ని నమ్ముతూనే ఉంది.